నంబరు వేసిన చేప

రాకోవా సరస్సులో షూకా చేపలు పట్టడం మానేసి ఇది రెండో చలికాలం. మా మగవాళ్ళు రేవులో పాత వలలు బాగుచేసుకుంటూ, పనిలేని చేతులతో గడ్డాలు నిమురుకుంటూ, అందుకు అకులీనాని తిడతారు. తిట్టేవాళ్ళలో సగంమంది ఆమెకి దగ్గరి చుట్టాలే. "ఆ పిల్ల నోరు మూసుకుని ఉంటే ఇవాళ మనం నీళ్ళమీద ఉండేవాళ్ళం" అంటారు. కాసేపయ్యాక, ఎవరూ అడక్కుండానే, "ఆ, నీళ్ళమీదే ఉండేవాళ్ళం, చేపలు మాత్రం ఉండేవి కావు" అని వాళ్ళే అంటారు.

పిల్ల అనడం అలవాటు కొద్దీ అనడమే. అకులీనాకి నలభై ఆరేళ్ళు. తుల్చా పట్నంలోని చేపల పరిశోధన సంస్థలో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. ఉద్యోగం పేరు క్షేత్ర సహాయకురాలు. డాక్టరేటు ఉన్న పెద్దలు పడవలో కూర్చుని మాట్లాడుకుంటుంటే ఆమె మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చేపని కొలిచేది, తూచేది, వీపు మీంచి ఒక పొలుసు గీకి కాగితంలో మడిచేది. తర్వాత ఆ పొలుసుని భూతద్దం కింద పెట్టి, అందులోని వలయాల్ని బట్టి చేప వయసు చెప్పేది. షూకా నోటినిండా లోపలికి వంగిన పళ్ళు. ఆమె రెండు చేతుల వేళ్ళమీదా ఆ పళ్ళు గీసిన తెల్లటి గాట్లు ఉన్నాయి. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి, "చూడ్డానికొచ్చినవాడు షూకాని తోక దగ్గర పట్టుకున్నాడు. మనసు విరిగిపోయింది" అని చెప్పేది.

సుమారు అనే మాట ఆమె రాయదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు గూడబాతుల గూళ్ళు లెక్కపెట్టడానికి రెల్లులోకి వెళ్ళారు. మూడు గంటలు దూరదర్శినిలో చూసి చూసి విసుగెత్తిన ఇంజనీరు, "రెండు వందలని రాసెయ్యమ్మా" అన్నాడు. ఆమె నూట డెబ్భై ఆరని రాసింది. రెల్లు వెనక కనబడనివి ఇంకా ఉన్నాయని పడవ వెనక్కి తిప్పించింది. అవి ఏడున్నాయి. నూట ఎనభై మూడు అయ్యాకగానీ ఆ రోజు ఎవరికీ భోజనం దొరకలేదు.

కిందటేడు వసంతంలో రాకోవాలో షూకాలెన్ని ఉన్నాయో తేల్చమని సంస్థకి పని వచ్చింది. ఆ సరస్సులో చేపలు పట్టే హక్కు ఇమ్మని ఒక కంపెనీ ప్రభుత్వ కమిషన్‌ని అడుగుతోంది. ఉన్నవాటిలో మూడోవంతు దాకా పట్టుకోనివ్వవచ్చని, మరీ తక్కువుంటే రెండేళ్ళు ఎవరినీ పట్టనివ్వకూడదని నియమం. అంటే ముందు ఉన్నవెన్నో తెలియాలి.

సరస్సులో చేపల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు. కొన్నిటిని పట్టి, గుర్తు పెట్టి వదిలేస్తారు. అవి మిగతావాటితో కలిసిపోయేదాకా ఆగి మళ్ళీ వల వేస్తారు. రెండోసారి పడ్డ వందలో పదింటికి గుర్తు ఉంటే, మొదట గుర్తు పెట్టినవి మొత్తం చేపల్లో పదోవంతని లెక్క. రెండోసారి గుర్తులు ఎంత తక్కువ దొరికితే సరస్సులో అన్ని ఎక్కువ చేపలున్నట్టు.

అకులీనా తన చేతులతో నాలుగు వందల పన్నెండు షూకాలకి వీపు రెక్క పక్కన పసుపు బిళ్ళలు కుట్టింది. ఒక్కో బిళ్ళమీద ఒక్కో నంబరు. శరదృతువులో రెండోసారి పట్టడం మా ఊరి పన్నెండు పడవల వంతు. తెచ్చిచ్చిన ఒక్కో బిళ్ళకీ సంస్థ పేరున్న టోపీ ఒకటి ఇస్తామన్నారు.

మూడొందల ఎనభై షూకాలు ఒడ్డుకొచ్చాయి. బిళ్ళలున్నవి ఆరు. సంస్థలో పెద్ద, ద్రగోమిర్ గారు లెక్క కట్టారు. ఇరవై ఆరు వేల షూకాలు. కంపెనీకి ఏటా ఎనిమిది వేలు ఇవ్వొచ్చు.

ఆ అంకె అకులీనా నమ్మలేదు. ఇరవై ఆరు వేలుంటే వసంతంలో నాలుగు వందలు పట్టడానికి ఆమెకి అయిదు వారాలు పట్టదు. ఆరు బిళ్ళలూ బల్లమీద వరసగా పెట్టుకుని, ఏది ఏ పడవలోంచి వచ్చిందో పుస్తకంలో చూసింది. ఆరూ వియోరెల్ పడవవే. వియోరెల్ మా ఊరికి అల్లుడై వచ్చిన రొమేనియన్, మా మతం వాడు కాదు. గడ్డం గీయడం మాకు పాపం; మా రేవులో మొహం గీసుకునే మగవాడు అతనొక్కడే.

"నీవేనా ఇవన్నీ?" అని అతన్నడిగింది.

"నావే అక్కా. టోపీలిస్తామన్నారుగా. ఒకటి పెట్టుకున్నా. మిగతా అయిదింట్లో మా ఆవిడ కోళ్ళని పొదగేసింది."

"నీ పడవలో మొత్తం షూకాలెన్ని?"

"నలభై మూడు."

"మిగతా పదకొండు పడవల్లో మూడొందల ముప్ఫై ఏడు. ఒక్క బిళ్ళ లేదు. ఎందుకు లేదు?"

వియోరెల్ ఇంజను మీదకి వంగి, బిగించి ఉన్న మరని మళ్ళీ బిగించాడు. "నన్నడక్కు అక్కా. నేను అల్లుణ్ణి. ఉన్న గౌరవమే అంతంత. చెప్పానంటే శనివారం ఆవిరి స్నానానికి రానివ్వరు."

అది చాలు. అకులీనా నేరుగా పెదనాన్న సిసోయ్ ఇంటికి వెళ్ళింది. సిసోయ్‌కి డెబ్భై నాలుగేళ్ళు. మా ప్రార్థనాలయంలో గ్రంథం చదివేది ఆయనే, రేవులో ముందు పడవ దించేదీ ఆయనే.

"ఏమే అకుల్యా, ఆఫీసు కోటు మీదే వచ్చావ్. అంటే టీకి రాలేదన్నమాట."

"బిళ్ళలున్న చేపల్ని ఏం చేశావు పెదనాన్నా?"

"ఏ చేపల్ని?"

"పెదనాన్నా."

"వదిలేశాను." ఆయన చక్కెర ముక్కని పంటికింద పెట్టుకుని టీ పీల్చాడు. "నేనేంటి, అందరం వదిలేశాం. నంబరున్నదాన్ని పడవలోకి ఎక్కించుకోమంటావా? నంబరంటే సైతాను ముద్రని చిన్నప్పుడు ఈ బల్లమీదే కూర్చోబెట్టి నీకు చదివి వినిపించలేదూ? రష్యా జారుగారి జాబితాలోకి పేరెక్కడం ఇష్టంలేక మన తాతలు ఈ రెల్లులోకొచ్చి దోమలతో కాపురం చేశారు. ఇప్పుడు మా తమ్ముడి కూతురు చేపలకి నంబర్లు కుట్టి పంపిస్తోంది. వాటికి గడ్డాలు కూడా గీసి పంపించకపోయావా!"

"ఎన్ని వదిలావు?"

"లెక్కపెట్టలేదు. లెక్కపెడితే నీకూ నాకూ తేడా ఏముంది?"

ఆమె కోటు విప్పి కుర్చీకి తగిలించింది. ఇరవై ఆరు వేల సంగతి చెప్పింది. కంపెనీ సంగతి చెప్పింది. వియోరెల్ పడవ ఒక్కదాన్నే చూస్తే నలభై మూడింటికి ఆరు, ఆ లెక్కన సరస్సు మొత్తానికి మూడు వేలని చెప్పింది.

"మూడు వేలున్నచోట ఎనిమిది వేలు పట్టుకోమని కాగితం ఇస్తారు పెదనాన్నా. ఒక్క ఏడాది చాలు. వచ్చే ఏడాది నువ్వు రెల్లుని పట్టుకుంటావు."

సిసోయ్ టీ గ్లాసు పక్కకి జరిపాడు. తర్వాత, "మన సరస్సులో నిజం పట్టినవాడు ఆ గీసిన మొహంవాడొక్కడేనా!" అన్నాడు. అది ఆయనకి మిగతా అన్నిటికంటే కష్టంగా తోచింది.

మర్నాడు ఓడలో తుల్చా వెళ్ళి ఆమె ద్రగోమిర్ గారి ముందు నిలబడింది. ఆయన చెడ్డవాడు కాదు. తన పద్ధతి మీద నమ్మకమున్నవాడు. ఆమె రాసుకొచ్చిన కాగితం రెండుసార్లు చదివాడు.

"ఒక్క పడవ. నలభై మూడు చేపలు. అకులీనా గారూ, ఇది పట్టుకుని నేను కమిషన్ ముందుకి వెళ్ళాలా?"

"వద్దు. మళ్ళీ పడదాం."

"నివేదిక తయారైపోయింది. ఈ ఏడాదికి పడవ కూడా ఒడ్డెక్కించేశాం. మీ సంతకం ఒక్కటే తక్కువ."

"నేను పెట్టను."

"ఇరవై రెండేళ్ళలో ఏనాడూ ఇలా అనలేదు మీరు."

"ఇరవై రెండేళ్ళలో ఏనాడూ నేను లెక్కపెట్టని అంకె కింద పెట్టమనలేదు మీరు."

కమిషన్ మా ఊరికి రావడానికి ఇరవై రోజులుంది. ఆమె సెలవు పెట్టేసి వచ్చింది. ఆదివారం ప్రార్థన అయ్యాక ప్రాంగణంలో మగవాళ్ళందరినీ ఆపింది. ముందు నష్టం చెప్పింది.

"వినండి. నా లెక్క నిజమైతే కంపెనీకి హక్కు రాదు. మీకూ రాదు. మూడు వేలే ఉన్నాయని తేలితే రెండేళ్ళు షూకా ఎవ్వరూ పట్టకూడదంటారు. ఇది దాచి మిమ్మల్ని సాయం అడగను."

"అంటే మా వలలు మేమే గుంజకి కట్టుకోవడానికి నీకు సాయం చెయ్యాలా?" అన్నాడు ఎలిసేయ్ అనే ఆయన.

"అవును బాబాయ్. లేదంటే కంపెనీవాడు కట్టిస్తాడు. వాడు విప్పుకోనివ్వడు."

ఎవరూ నవ్వలేదు, ఎవరూ వెళ్ళిపోలేదు. అయితే చిక్కు అలాగే ఉంది. పన్నెండు పడవలూ మళ్ళీ వల వేస్తాయి. కానీ నంబరున్న చేపని ఒడ్డుకి తెమ్మంటే ఒక్కడూ ఒప్పుకోడు. ఎన్ని వదిలారో నోటితో చెప్పమన్నా, చేతితో గీతలు గీయమన్నా తలలు అడ్డంగా ఊపారు. దేవుడి జీవుల్ని లెక్కపెట్టే పాపం తమకొద్దన్నారు. నువ్వే మా పడవల్లో రావచ్చుగా అన్నారు. పన్నెండు పడవల్లో ఒక మనిషి ఎలా కూర్చుంటుంది?

ఆ సాయంత్రం సిసోయ్ ఇంట్లో ఆయన భార్య మార్ఫా బోర్ష్ అనే చేపల పులుసు వడ్డిస్తుంటే అకులీనా అడిగింది. "నీళ్ళలోకి వదిలేటప్పుడు ఏమంటావు పెదనాన్నా?"

"ఏమంటాను! 'ప్రభూ, క్షమించు' అంటాను."

"ప్రతి చేపకీ?"

"ప్రతి చేపకీ. ముద్రపడ్డదాన్ని ముట్టుకున్నాక ఊరుకుంటానా?"

"మరి ప్రార్థనే కదా అది. ప్రార్థనలన్నీ లెస్తోవ్కా మీద లెక్కపెడతావు కదా."

లెస్తోవ్కా అంటే తోలుతో అల్లిన మా జపమాల. నిచ్చెనలాగా దానికి మెట్లుంటాయి. ఒక్కో ప్రార్థనకి ఒక్కో మెట్టు వేలితో జరుపుతాం. సిసోయ్ చెంచా కింద పెట్టాడు.

"మాటలతో నన్ను వలలో వేస్తున్నావే."

"చేపలెన్నో అడగను. ప్రార్థనలెన్నో చెప్పు, చాలు."

"అది నాకూ దేవుడికీ మధ్య సంగతి."

మార్ఫా గరిటె పట్టుకుని మధ్యలోకి వచ్చింది. "ఏ మధ్య? ఇవాళ మూడొందల సాష్టాంగాలయ్యాయని మూడిళ్ళ అవతలికి వినబడేలా చెబుతావు. చేపల దగ్గరకొచ్చేసరికి దేవుడు చెవులు మూసుకున్నాడా?"

సిసోయ్ బోర్ష్ ముగించాడు. లేచి, గోడకున్న లెస్తోవ్కాని కాక, పెట్టెలో ఉన్న పాతదాన్ని తీశాడు. నడుముకున్న నేత పట్టీకి కట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్న పదకొండు పడవల్లోనూ పదకొండు నడుములకి లెస్తోవ్కాలు వేలాడాయి. వియోరెల్‌కి లేదు. అతను అగ్గిపుల్లలు జేబులో వేసుకున్నాడు.

పది రోజులు, రోజూ మధ్యాహ్నం, అకులీనా రేవులో నిలబడింది. ఒడ్డుకొచ్చిన ఉత్త చేపల్ని లెక్కపెట్టుకునేది. తర్వాత ఒక్కొక్కరినీ అడిగేది.

"ఎన్ని ప్రార్థనలు?"

"ఒకటి."

"నీవెన్ని మామా?"

"రెండు. కానీ ఒకటి మనసు పెట్టి చెయ్యలేదు. అది వేలు కొరికింది, వేరే మాటలు వచ్చాయి నోట్లోకి."

"వేరే మాటలైనా నీళ్ళలోకే కదా వదిలావు. రెండు."

ఆరో రోజున ఎలిసేయ్ ఛాతీ విరుచుకుని పడవ దిగాడు. "ఇరవై ఒకటి!"

ఆమె పెన్ను ఆగింది. ఆయనకి ఎప్పుడూ ఒకటి, మహా అయితే రెండు. "ఇరవై ఒకటా బాబాయ్?"

"కంపెనీవాడు రాకూడదంటివి కదా. నీకోసం కాస్త భక్తి ఎక్కువ చూపించాను."

ఆమె ఎలిసేయ్ పడవ పేరు మీద ఆ రోజు లెక్క మొత్తం కొట్టేసింది, ప్రార్థనలే కాదు, చేపలు కూడా. అంతకుముందు అయిదు రోజులవీ కొట్టేసింది. "నిన్నటిదాకా నిజమే చెప్పానే తల్లీ" అని ఆయన వెంటపడినా వినలేదు. "ఇప్పుడు నాకెలా తెలుస్తుంది?" అంది. సంగతి సిసోయ్ దాకా వెళ్ళింది. ప్రార్థనలో అబద్ధమాడినందుకు ఆయన ఎలిసేయ్ చేత వందమంది చూస్తుండగా నలభై సాష్టాంగాలు పెట్టించాడు. ఆ తర్వాత మా రేవులో ఎవరి భక్తీ పెరగలేదు.

పదో రోజుకి తేలింది. బిళ్ళలేని షూకాలు మూడొందల యాభై ఒకటి. ప్రార్థనలు యాభై ఏడు. ఏ రకంగా వేసి చూసినా సరస్సులో మూడు వేలు దాటలేదు.

కమిషన్ బడి గదిలో కూర్చుంది. ద్రగోమిర్ గారు అకులీనా కాగితం నిదానంగా చదివి, కళ్ళజోడు తీశాడు.

"వల వేసిన పడవలు, పన్నెండు. ఒడ్డుకొచ్చినవి, మూడొందల యాభై ఒకటి. ప్రార్థనలు..." ఆగి కమిషన్‌వాళ్ళ వైపు చూశాడు. "ప్రార్థనలు యాభై ఏడు. అకులీనా గారూ, ఇది ఏ గడిలో రాయమంటారు నన్ను?"

కమిషన్‌లో ఇద్దరు నవ్వారు. వెనక బెంచీల్లో మా వాళ్ళు నవ్వలేదు. సిసోయ్ మెడ ఎర్రబడటం ముందు వరసలోవాళ్ళకి కూడా కనబడింది.

"ఏ గడిలోనూ రాయొద్దు" అంది అకులీనా. "మమ్మల్ని నమ్మొద్దు కూడా. రేపు పొద్దున్న మీరే రండి డాక్టరు గారూ. మీ వల, మీ పడవ, మీకు నచ్చిన చోటు. మా మగవాళ్ళు ఒడ్డు దిగరు. నేను వల ముట్టుకోను. మీ లెక్క నిజమైతే మీ వలలో అరవైకొకటి బిళ్ళ పడాలి. నాది నిజమైతే ఏడింటికొకటి. నాకంటే మీకే బాగా తెలుసు ఈ పద్ధతి."

"నాకు సవాలు విసురుతున్నారా?"

"మీ పద్ధతికే వదిలేస్తున్నాను. దాన్ని నేను నమ్ముతాను."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "సరే" అన్నాడు.

పొద్దున్న మంచు పొర తేలిపోయేసరికి ఊరంతా ఒడ్డున ఉంది. ద్రగోమిర్ గారు తూర్పువైపు, మా వాళ్ళెవరూ వల వెయ్యని లోతు చోటు ఎంచుకున్నాడు. ఒడ్డెక్కించిన సంస్థ పడవని మళ్ళీ దింపించి, వెంట తెచ్చుకున్న మనుషుల చేత నాలుగుసార్లు వల లాగించాడు. అకులీనా పడవ చివర చేతులు కట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి నలభై ఎనిమిది షూకాలు తొట్టెల్లో ఉన్నాయి. ఆయన చొక్కా చేతులు మడిచి ఒక్కొక్కటే తనే ఎత్తి చూశాడు. పసుపు బిళ్ళలు ఎనిమిది. అన్నిటినీ తిరిగి తొట్టెల్లో వేసి, మళ్ళీ మొదట్నుంచి చూశాడు. ఎనిమిదే.

ఒడ్డుకి రాగానే మా వాళ్ళు దారి ఇచ్చారు. "ఏడింటికొకటి కూడా కాదుగా, ఇంకా ఎక్కువే" అని వియోరెల్ ఒక్కడు అనబోతే, వాళ్ళావిడ మోచేత్తో పొడిచింది.

తూకపు గదిలో పొయ్యి పక్కన కూర్చుని ద్రగోమిర్ గారు కొత్త ఫారం తీశాడు. చేప వాసన కొడుతున్న చేతులు తుడుచుకుని అకులీనాకి పెన్ను ఇచ్చాడు. "మీ అక్షరాలే చదవడానికి వీలుగా ఉంటాయి. రాయండి. సవరించిన సంఖ్య, రెండు వేల తొమ్మిది వందల నలభై తొమ్మిది."

ఆమె రాసింది.

"మొదటి లెక్క తప్పడానికి కారణం. స్థానిక జాలరుల మూఢనమ్మకం వల్ల గుర్తున్న చేపలు..."

అకులీనా పెన్ను కాగితం మీంచి ఎత్తింది.

"ఆ మాట రాయను."

"అది నిజం కాదా? మీ పెదనాన్న చెప్పిన కారణం మీ కాగితంలోనే ఉందిగా."

"వాళ్ళు ఎందుకు వదిలారో వాళ్ళకి తెలుసు. తెలియంది మనకి. ఈ ఊళ్ళో పుట్టి, ఆ మాటలన్నీ ఆ బల్లమీదే కూర్చుని విన్నదాన్ని, బిళ్ళలు కుట్టేటప్పుడు నాకే గుర్తురాలేదు. వల వేసేవాళ్ళని ఒక్కమాట అడగకుండా గుర్తు పెట్టాం. ముందు నా తప్పు, తర్వాత మీది. వాళ్ళది కాదు."

"పద్ధతి తప్పని మన చేత్తో మనమే రాయాలా? ఇదే పద్ధతిలో ఈ ఏడు ఇంకో నాలుగు సరస్సులు లెక్కపెట్టాం."

"ఆ ఒడ్లలో కూడా మా వాళ్ళే ఉన్నారు. అవీ మళ్ళీ లెక్కపెట్టాలి."

"వసంతంలో మీ కాంట్రాక్టు నా బల్లమీదికే వస్తుంది, మర్చిపోకండి."

"రానివ్వండి."

ఆమె కారణం అన్న చోట రాసింది. 'చేపమీద నంబరు ఉండటం జాలరుల మతానికి విరుద్ధం. గుర్తు ఎంచుకునే ముందు వాళ్ళని సంప్రదించలేదు. తప్పు సర్వే చేసినవారిది. ఇదే గుర్తు వాడిన మిగతా నాలుగు సరస్సుల లెక్క కూడా చెల్లదు.' కింద సంతకం పెట్టి, ఫారం ఆయన వైపు తిప్పింది. ద్రగోమిర్ గారు చదివాడు. పెన్ను మూతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఫారం శుక్రవారం లోపల తుల్చాలో కమిషన్ కార్యాలయానికి చేరాలి. శుక్రవారం ఓడ ఒక్కటే. ఇద్దరూ అందులోనే వెళ్ళారు. ఆయన కింది గదిలో కిటికీ పక్కన, ఆమె పైన చలిలో, ఫారం కోటు లోపల నడుం పట్టీకి దోపుకుని. కార్యాలయంలో కిటికీ వెనక గుమాస్తా ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇక్కడ రెండు సంతకాలుండాలమ్మా. మీదొక్కటే ఉంది."

"నాదొక్కటే ఉంటుంది. తీసుకోండి."

"పెద్దాయన పెట్టలేదేం?"

"ఆయన్నే అడగండి. అదిగో, ఆ మెట్లమీద నిలబడ్డారు."